తలనొప్పి అంటే సరిపోయేది

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు మరీ చిన్నది. నలుగురు ఎక్కితే ఐదో మనిషి ఊపిరి బిగబట్టి నిలబడాలి. మొన్న పొద్దున్నే పాల ప్యాకెట్లు పట్టుకుని ఎక్కితే లోపల ఎవరూ లేరు గానీ వాసన మాత్రం ఉంది. నీలగిరి తైలం, కర్పూరం, వాము పువ్వు కలిసిన ఘాటు. ఐదో నంబరు నొక్కడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను. తలుపు మూసుకుంది. లిఫ్టూ కదల్లేదు, నేనూ కదల్లేదు.

జిందా తిలిస్మాత్, ఆ ఎర్రటి నొప్పుల మందు. ఇంకేదీ అయ్యే అవకాశం లేదు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాళ్ళ ముక్కుకి ఆ వాసన ఒక్కసారి తగిలితే చాలు, సీసా చూడక్కర్లేదు.

ఎవరో రాసుకుని ఇప్పుడే దిగిపోయి ఉంటారు. మా బ్లాకులో అందరూ కుర్రవాళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, తలనొప్పి వస్తే మాత్ర మింగి మీటింగులో కూర్చునేవాళ్ళు. వీళ్ళల్లో ఈ సీసా ఇంట్లో పెట్టుకున్నదెవరా అని ఆ రోజంతా ఒకటే కుతూహలం. మా ఆయన, "నీకేం పనిలేదా" అన్నారు. నిజమే, రిటైరయ్యాక పనేముంది.

*

నేను పెరిగిన ఇల్లు అంబర్‌పేటలో, 6 నంబర్ బస్ స్టాప్ నుంచి లోపలికి రెండు గల్లీలు. పెంకుటిల్లు, మూడు వాటాలు, అందరికీ కలిపి వాకిట్లో ఒక నల్లా. మధ్య వాటా మాది. వెనక పక్క ఛాతీ ఎత్తు గోడ, ఆ గోడ అవతల ఖాలా వాళ్ళ ఇల్లు. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, పక్కింటావిడని మేం అలా పిలిచేవాళ్ళం. జిందా తిలిస్మాత్ తయారయ్యేది కూడా మా అంబర్‌పేటలోనే. గాలి అటునుంచి కొడితే వాసన మా వాకిలి దాకా వచ్చేదని మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు. నాకైతే ఎప్పుడూ రాలేదు. వాడికి చిన్నప్పటి నుంచీ ముక్కు కన్నా నోరు పెద్దది.

ఆ ఇంట్లో ముగ్గురికి తలనొప్పులు. మూడూ మూడు రకాలు. నాన్నది ఒక రకం, నాయనమ్మది ఒక రకం, అమ్మది ఇంకో రకం. మందులూ అంతే. నాయనమ్మ శొంఠి పార్టీ, అమ్మ అమృతాంజనం పార్టీ, గోడ అవతల ఖాలా జిందా తిలిస్మాత్. ఎన్నికల్లో ఓట్లు అటూ ఇటూ మారేవి గానీ వీళ్ళ ముగ్గురి పార్టీలు మాత్రం మారవు అనుకునేదాన్ని.

నాన్న ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. ఇప్పటి పిల్లలకి ప్రూఫులంటే చెప్పాలి. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చి, దాని మీద సిరా పూసి, పొడుగాటి కాగితం మీద ముద్ర తీసేవాళ్ళు. దాన్ని గ్యాలీ అనేవారు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, పక్కన సున్నా, ఒక్కో అక్షరం నాలుగు ముక్కలు. కంపోజిటరు చెయ్యి తడబడితే "ష్ట" కింద ఒత్తు పోయి "ష" మిగిలేది, అర్థం మారేది, తిట్లు నాన్నకి పడేవి. పని మిగిలిపోయిన రోజు ఆ గ్యాలీలు చుట్టగా చుట్టుకుని ఇంటికి తెచ్చేవారు. సిరా, కిరసనాయిలు కలిసిన వాసన వాటిది. రాత్రి నలభై వాట్ల బల్బు కింద చాప వేసుకుని కూర్చునేవారు. నేను రచయిత చేతిరాత కాగితాలు పైకి చదవాలి, ఆయన గ్యాలీ మీద వేలు జరుపుతూ సరిచూసుకోవాలి. కామాలు కూడా చదవాలి. "రాజుగారు కామా మంత్రిని పిలిచి కామా", ఇలా. ఒక్కోసారి ఒక వాక్యం వింతగా ఉంటే ఇద్దరం నవ్వేవాళ్ళం, అది మాత్రం బాగుండేది.

పదకొండు దాటాక ఆయన చెయ్యి నొసటి మీదకి వెళ్ళేది. బొటనవేలు ఒక కణతకి, మధ్యవేలు ఇంకో కణతకి పెట్టి నొక్కుకుంటూ చదివేవారు. నాయనమ్మ అదే సమయానికి లేచి వచ్చేది. ఆవిడకి నిద్రలో కూడా ఎలా తెలిసేదో.

*

శొంఠి పట్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దాన్ని పొడి కొనుక్కొచ్చి నీళ్ళల్లో కలిపి పూసేస్తున్నారు. అది పట్టు కాదు. మా నాయనమ్మ దగ్గర ఒక సానరాయి ఉండేది, మధ్యలో అరిగి పళ్ళెంలా గుంట పడ్డది. దాని మీద నాలుగు చుక్కలు నీళ్ళు వేసి, శొంఠి కొమ్ము నిలబెట్టి పట్టుకుని, గుండ్రంగా తిప్పుతూ అరగదీసేది. సర్, సర్, సర్, అదొక శబ్దం, రాత్రి పూట ఇల్లంతా వినపడేది. మొదట నీళ్ళ రంగే మారదు, ఏమీ జరగనట్టే ఉంటుంది. కాసేపటికి పాలు కలిపినట్టు తెల్లబడి, తర్వాత గంధం ముద్దలా చిక్కబడుతుంది. తొందరపడి నీళ్ళు ఎక్కువ పోస్తే జారి కళ్ళల్లోకి కారుతుంది. కళ్ళల్లోకి కారిందా, తలనొప్పి సంగతి మర్చిపోవచ్చు.

దాన్ని చూపుడు వేలితో తీసి కణతకి కణతకి మధ్య పట్టీలా పూసేది. "నుదురు ముడవకు, మాట్లాడకు, పడుకో." మొదట చల్లగా ఉంటుంది, హాయనిపిస్తుంది. రెండు నిమిషాలకి మంట మొదలవుతుంది. చిన్న మంట కాదు. ఆ తర్వాత ఆరుతూ చర్మాన్ని లాక్కుంటుంది, నుదురంతా ఎవరో పిడికిట్లో పట్టుకున్నట్టు. ఆ మంటలో అసలు నొప్పి ఎక్కడికి పోయేదో తెలిసేది కాదు. పొద్దున లేచేసరికి దిండు మీద శొంఠి పెచ్చులు.

మా మేనకోడలు ఫార్మసీ చదివింది. దానికి ఇదంతా చెబితే, "అత్తా, చర్మంలో వేడిని కనిపెట్టే నరాలుంటాయి, శొంఠిలో ఘాటు వాటిని తట్టి లేపుతుంది, మిరపకాయ చేసే పనే. మీ అమృతాంజనంలో మెంథాల్ చలిని కనిపెట్టే నరాల్ని తడుతుంది, నిజంగా చల్లబరచదు, చల్లగా ఉందని అబద్ధం చెప్పిస్తుంది" అంది. ఒకటి వేడి అబద్ధం, ఒకటి చల్లని అబద్ధం అన్నమాట. అత్తాకోడళ్ళు ముప్ఫై ఏళ్ళు కొట్లాడింది దీని గురించేనా అని ఎంత నవ్వుకున్నానో.

నాన్న తలనొప్పి ఎలా తేలిందో కూడా చెప్పేస్తాను. పదేళ్ళు శొంఠి పూయించుకున్నాక ఎవరో బలవంతం చేస్తే మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రికి వెళ్ళారు. చత్వారం అన్నారు. కళ్ళజోడు వచ్చింది, తలనొప్పి సగానికి సగం పోయింది. నాయనమ్మ మాత్రం, "పదేళ్ళు నా శొంఠి పనిచేసింది కాబట్టే జోడుతో సరిపెట్టుకున్నాడు, లేకపోతే కళ్ళే పోయేవి" అని గల్లీలో అందరికీ చెప్పింది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

ఇక ఆవిడ తలనొప్పి కార్తీక సోమవారాల్లో వచ్చేది. ఉపవాసం రోజు కాఫీ కూడా ముట్టేది కాదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి తలకి గుడ్డ బిగించి కట్టుకుని మూల కూర్చునేది. సాయంత్రం దీపం పెట్టి, నక్షత్రం చూసి, శొంఠి వేసిన కాఫీ ఒక గ్లాసు తాగేది. అరగంటలో నొప్పి మాయం. "చూశారా శొంఠి మహిమ" అనేది. మహిమ కాఫీదని ఇప్పుడు ఏ డాక్టరైనా చెబుతాడు, రోజూ తాగేవాళ్ళు ఒక్క పూట మానితే తల పట్టేస్తుంది. అప్పుడు మాకు ఎవరికీ తట్టలేదు. తట్టినా చెప్పే ధైర్యం లేదు.

*

వావిలాకు కోసం మూసీ ఒడ్డుకి వెళ్ళేవాళ్ళం. మూసారాంబాగ్ వంతెన దగ్గర దిగితే అటూ ఇటూ పశువుల గడ్డి పెంచే మళ్ళు, చాకిరేవు, బండల మీద బట్టలు బాదుతున్న చప్పుడు. నది వాసన అప్పటికే బాగుండేది కాదు, అబద్ధం ఎందుకు. ఒడ్డున పొదలు పొదలుగా వావిలి. ఒక కాడకి ఐదు ఆకులు, చేతి వేళ్ళలా విప్పుకుని, పైన పచ్చగా, కింద బూడిద రంగులో ఉండేవి. చివర్న ఊదా రంగు సన్నటి పూల కంకులు. నలిపితే ఘాటు. తమ్ముడూ నేనూ సంచీ నింపుకుని వచ్చేవాళ్ళం.

సగం ఆకు జలుబు చేసి తల బరువెక్కినప్పుడు ఆవిరికి. పెద్ద గిన్నెలో మరగబెట్టి, దుప్పటి ముసుగేసి, ఒళ్ళంతా చెమట పట్టేదాకా లోపల కూర్చోబెట్టేవారు. ముసుగు లోపల ఎర్రటి చీకటి, చెవుల్లో మన ఊపిరే మనకి పెద్దగా వినిపించేది. మిగతా సగం నీడన ఎండబెట్టి నాయనమ్మ తన దిండులో దూది తీసేసి కూరేది. వావిలాకు దిండు మీద పడుకుంటే తలనొప్పి రాదని. ఆవిడ పక్కకి తిరిగినప్పుడల్లా గలగల. రాత్రి మెలకువ వస్తే ఆ గలగల వినిపించేది, అయితే నాయనమ్మ ఉంది అనుకుని మళ్ళీ నిద్రపోయేదాన్ని. ఆవిడ పోయాక ఆ దిండు ఎవరూ వాడలేదు, విప్పలేదు కూడా. కొన్నాళ్ళకి ఆకు పొడైపోయి చప్పుడు ఆగిపోయింది.

*

అమ్మది గుడివాడ వైపు పల్లె. అమృతాంజనం ఆవిడకి మందు కాదు, పుట్టింటి వస్తువు. దాన్ని పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది కృష్ణా జిల్లా యలకుర్రు, "మా వైపాయనే" అనేది, ఏదో వేలు విడిచిన మేనమామ గురించి చెప్పినట్టు. 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు దాన్ని. సంగీత కచేరీల్లో ఊరికే పంచి జనానికి అలవాటు చేశారట. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, తర్వాత 1914లో అది మద్రాసు నుంచి దినపత్రిక అయింది. ఈ సంగతి నాన్నకి చాలా ఇష్టం. "చూడమ్మాయ్, ఆయన తలనొప్పి మందు అమ్మి పత్రిక నడిపాడు. మేము పత్రిక చదివి తలనొప్పి తెచ్చుకుంటున్నాం. లెక్క సరిపోయింది" అనేవారు. వంద సార్లు అనుంటారు. వంద సార్లూ ఆయనే ముందు నవ్వేవారు.

గోడ అవతలి సీసా సంగతి కూడా నాన్నే చెప్పారు. జిందా తిలిస్మాత్ అట్టపెట్టె మీద ఆఫ్రికా సైనికుడి బొమ్మ ఉంటుంది కదా, చిన్నప్పుడు ఆ బొమ్మంటే మా తమ్ముడికి భయం. నిజాం సైన్యంలో ఆఫ్రికా నుంచి వచ్చిన గుర్రపు దళం ఉండేదని, ఏసీ గార్డ్స్ అని మనం అనే పేటకి పేరు అలా వచ్చిందని, ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని, ఆ బొమ్మలో మనిషి అలాంటి సిపాయని, వాళ్ళ బలం ఈ మందులో ఉందని చెప్పడానికి వేశారని చెప్పి భయం పోగొట్టారు. 1920లో ఒక యునానీ హకీంగారు మొదలుపెట్టిన మందు. ఆ ఎరుపు రంగు ఒక వేరు నుంచి వస్తుంది. నీలగిరి తైలమే ఎక్కువ, మిగతావి కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు. భయం పోయిన తమ్ముడు మర్నాడే సీసా మూత తీసి, వేలు ముంచి, అదే వేలితో కన్ను నలుపుకున్నాడు. ఆ కేకకి గల్లీ గల్లీ అంతా వచ్చింది. నల్లా కింద తల పెట్టించి పావుగంట నీళ్ళు పోశారు.

*

అమ్మ తలనొప్పి నెలాఖరులో వచ్చేది. లేదా నీలం రంగు ఇన్లాండు ఉత్తరం వచ్చిన రోజు.

పోస్ట్‌మ్యాన్ ఉత్తరం గడపలో పడేసి వెళితే అమ్మ వంటింట్లో నిలబడే చదివేది. మడత పెట్టి బియ్యం డబ్బాలో దోపేది. మిగతా పనంతా మామూలుగా చేసేది, పిల్లలకి పెట్టేది, అంట్లు తోమేది. అన్నీ అయ్యాక అమృతాంజనం సీసా తీసి, పసుపు రంగు ముద్ద చిటికెన వేలి చివర్న తీసుకుని రెండు కణతలకీ రాసుకుని, తలుపు దగ్గరకి వేసి, చీకట్లో గోడ వైపు తిరిగి పడుకునేది. "ఏమైందమ్మా" అంటే "తలనొప్పి" అనేది. అంతే. తలనొప్పి అంటే ఇంట్లో ఎవరూ ఇంకేమీ అడక్కూడదు. నాయనమ్మ కూడా ఆ పూట గిన్నెలు చప్పుడు కాకుండా పెట్టేది.

కళ్ళు ఎందుకు ఎర్రగా ఉన్నాయని నేను ఒకసారి అడిగాను. అమృతాంజనం ఘాటు అంది. నమ్మాను. ఘాటు నిజమే కదా.

అడక్కుండా వచ్చేది ఖాలా ఒక్కతే. మధ్యాహ్నం గోడ మీదుగా మా ఇంటి తలుపు దగ్గరకి వేసుండటం చూస్తే, ఐదు నిమిషాల్లో ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చేసేది. చెప్పుల చప్పుడు, గాజుల చప్పుడు, ఆ వెనకే సీసా వాసన. "క్యా బెహన్, సర్ దుఖ్ రా?" అమ్మ లేవబోతే, "లేటో, బాతాఁ నక్కో కరో." తల దగ్గర కూర్చుని అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని, రెండు చేతులూ రుద్ది, అమ్మ కణతల మీద అదిమి పట్టేది. అమ్మ అప్పటికే అమృతాంజనం రాసుకుని ఉండేది, దాని మీదే ఇది. రెండు వాసనలూ కలిసి గదిలో కూర్చోవడం కష్టంగా ఉండేది. మాట్లాడొద్దని చెప్పిన మనిషి తను మాత్రం ఆపకుండా మాట్లాడేది. ఉల్లిగడ్డ ధర, కిరోసిన్ లైన్లో ఎవరితోనో జగడం, కోడి గుడ్లు పెట్టకపోవడం. అమ్మకి ఉర్దూ నాలుగు ముక్కలు, ఆవిడకి తెలుగు నాలుగు ముక్కలు. ఏం అర్థమయ్యేదో నాకు తెలియదు. ఎందుకు పడుకున్నావని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. సాయంత్రానికి అమ్మ లేచి పొయ్యి వెలిగించేది. "ఆపా మందు బాగా పనిచేస్తుందే, నాది ఊరికే" అనేది. ఖాలాని అమ్మ ఆపా అనేది, అంటే అక్క.

కొన్నేళ్ళకి ఖాలా పెద్ద కొడుకు సౌదీ వెళ్ళాడు. టాక్సీ ఎక్కించి వచ్చిన రోజు నుంచి ఖాలాకి తలనొప్పి పట్టుకుంది. గోడ అవతల చప్పుడు లేదు. అమ్మ పని చేసుకుంటూ చేసుకుంటూ ఆగి, కొంగుతో చేతులు తుడుచుకుని, అమృతాంజనం సీసా పట్టుకుని వెళ్ళింది. నేనూ వెనకాలే. వాళ్ళ ఇంట్లో కిటికీ అంచు మీద, చేతికి అందేంత దూరంలో జిందా తిలిస్మాత్ సీసా నిండుగా ఉంది. అది ఖాలా ముట్టుకోలేదు. అమ్మ తల దగ్గర కూర్చుని పచ్చటి ముద్ద తీసి నుదుటికి రాసింది. అమ్మకి అక్కడ ఏం మాట్లాడాలో తెలియలేదు పాపం, వచ్చిన ఉర్దూ అయిపోయింది. తెలుగులోనే గోంగూర పచ్చడి ఎలా నూరాలో మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఖాలా కళ్ళు మూసుకునే, "హౌ, హౌ" అంటూ విన్నది. తర్వాత, "బెహన్, తుమారా దవా అచ్ఛా హై, మేరా కుఛ్ నై" అంది.

*

నా ఉద్యోగం ట్రంక్ ఎక్స్ఛేంజీలో, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోన్లు కలిపే చోట. చెవికి హెడ్‌సెట్టు, ముందు బోర్డు మీద వరసలు వరసలుగా రంధ్రాలు, వెలిగి ఆరే చిన్న దీపాలు, చేతుల్లో తాళ్ళు. 180కి ఫోను చేసి కాల్ బుక్ చేసుకుని జనం గంటల తరబడి ఎదురుచూసేవారు. తొందరని బట్టి ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్. "మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?" అన్న మాట రోజుకి ఎన్నిసార్లు అనేదాన్నో, నిద్రలో కూడా అంటున్నానని పెళ్ళైన కొత్తలో మా ఆయన భయపడ్డారు. హెడ్‌సెట్టు ఇనుప పట్టీ ఎనిమిది గంటలు నెత్తిని నొక్కితే షిఫ్టు అయ్యేసరికి కణతలు లాగేసేవి. ప్రతి సొరుగులో ఒక సీసా. రాత్రి డ్యూటీలో ఆ హాలంతా అమృతాంజనం, సంపెంగ పూలు, ఫ్లాస్కులో టీ వాసన.

ఒక రాత్రి విజయవాడ నుంచి పీపీ కాల్. పీపీ అంటే ఫలానా మనిషినే పిలిపించి మాట్లాడే కాల్. ఇక్కడ ఒక అబ్బాయి, హాస్టలనుకుంటా, లైన్లోకి వచ్చాడు. అవతల మాట సరిగ్గా వినపడటం లేదు. అలాంటప్పుడు మధ్యలో మేమే అందుకుని ఆ మాట ఇటు చెప్పేవాళ్ళం. అవతల ముసలాయన గొంతు, "చెప్పమ్మా, వాళ్ళ నాన్న పోయాడని చెప్పు" అంటోంది. అబ్బాయి ఇటు, "ఏమంటున్నారండీ, ఏమంటున్నారు?" అంటున్నాడు. నేను చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను. అబ్బాయి వైపు నుంచి ఏమీ లేదు, కాసేపటికి "థాంక్సండీ" అన్నాడు. ఇప్పటికీ ఆ థాంక్స్ నాకు అర్థం కాదు.

తాడు పీకి, హెడ్‌సెట్టు తీసి, సూపర్‌వైజర్ దగ్గరకి వెళ్ళి, "తలనొప్పి మేడం, ఐదు నిమిషాలు" అన్నాను. ఆవిడ నా మొహం చూసి, ఏమీ అనకుండా, సొరుగు లాగి తన సీసా నా వైపు జరిపింది. నా సొరుగులో నాది ఉంది. అయినా ఆవిడదే తీసుకున్నాను.

మా అవసరం లేకుండా ఎవరికి వారే వేరే ఊరికి నంబరు తిప్పుకునే ఎస్టీడీ వచ్చింది, గల్లీకొక పసుపు పచ్చ బూత్ వచ్చింది, మా బోర్డులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మమ్మల్ని వేరే సెక్షన్లకి వేశారు. అక్కడ తలనొప్పులు వేరు, వాటి గురించి రాయడానికేమీ లేదు.

*

అమ్మ పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే ఇన్లాండు ఉత్తరాలు దొరికాయి, రబ్బరు బ్యాండు వేసి. మడతల్లో ఇంకా ఒకటీ రెండూ బియ్యపు గింజలు. తాతయ్య చేతిరాత. అన్నిట్లోనూ దాదాపు ఒకటే సంగతి. వర్షాలు, గేదె ఈనడం, ఎవరి పెళ్ళో, ఆఖర్న, "ఆరోగ్యం అంత బాగా లేదు, వీలుంటే ఒకసారి వచ్చి చూసి పోమ్మా." వరసగా నాలుగు ఉత్తరాల్లో ఆ వాక్యం ఉంది. ఐదో దాంట్లో చేతిరాత మారింది, మావయ్యది. నాన్నకి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, అలవాటు ప్రకారం వేలు జరుపుతూ ప్రతి అక్షరం చదివి, "ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదే" అన్నారు. రైలు చార్జీలకి ఇబ్బంది అని అమ్మే అడగలేదో, అడిగితే లేదనాల్సి వస్తుందని ఆయన కోసం అడగలేదో. నేను మాత్రం ఆ నెలాఖరు మధ్యాహ్నాలన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు రాత్రి నాన్న శొంఠి కొమ్ము ఉందా అని అడిగారు. సానరాయి ఎక్కడుందో వెతికి అరగదీసి ఇచ్చాను. నీళ్ళు ఎక్కువైపోయి కళ్ళల్లోకి కారింది. ఆయన తుడుచుకోలేదు.

*

నిన్న సాయంత్రం మళ్ళీ లిఫ్టులో ఆ వాసన. ఈసారి మనిషి కూడా ఉంది. నాలుగో అంతస్తులో ఈ మధ్యే దిగినవాళ్ళు, ముప్ఫై ఏళ్ళుంటాయేమో అమ్మాయికి, భుజాన ల్యాప్‌టాప్ సంచీ, మెడలో ఆఫీసు కార్డు ఇంకా తీయలేదు. చేతిలో రుమాలు, దాని మీద ఎర్రటి మరక. కళ్ళూ అదే రంగు.

"తలనొప్పా అమ్మా?" అన్నాను.

"అవునాంటీ. మా అమ్మమ్మది బార్కాస్ దగ్గర. ఏ నొప్పికైనా ఇదే రాసేది."

నాలుగు వచ్చింది. ఆ అమ్మాయి దిగింది. నేను ఐదులో దిగాలి. నేనూ దిగేశాను. తాళం తీస్తూ వెనక్కి తిరిగి, "మీది పైన కదా ఆంటీ" అంది.

"అవునమ్మా. అమృతాంజనం తెస్తాను ఉండు. గోంగూర తింటావా నువ్వు?"